పూటకూటింటి పెత్తనము

పదునెనిమిదేండ్లుగా నేనొక కళాశాల చెంత భోజనశాల నడుపుచున్నాను. మన పూర్వులు దీనినే పూటకూళ్ల యిల్లనిరి. నలుబదిమంది విద్యార్థులు, ముగ్గురు పనివారు, పెత్తనము నాది. పెత్తనమనగా తాళపుచెవులు బొడ్డున దోపుకొని ఆజ్ఞలిచ్చుటయే యని చాలకాలము తలంచితిని.

ఒక వేసవిలో కందిపప్పు ధర మిక్కిలి పెరిగెను. నెలసొమ్ము హెచ్చించినచో పిల్లలు మానివేయుదురేమో యని భయపడి, "పప్పులో మరి రెండు చెంబుల నీళ్లు పొయ్యి, ఎవరితోనూ అనకు" అని వంటమనిషితో చెప్పితిని. ఆమె మారు పలుకలేదు. వారము తిరుగకుండ మజ్జిగయు నీళ్లాయెను. కాగిన నూనెయే మరల మరల పొయ్యి కెక్కెను. నేను కోపించి యడుగగా, "మీరు చూపిన దారే కదమ్మా! పొదుపంటే ఇదే అనుకున్నాను" అనెను. నాకు నోట మాట రాలేదు.

ఆ రాత్రి బెంగుళూరులోని మావళ్లి టిఫిన్ రూమ్స్ సంగతి జ్ఞప్తికి వచ్చెను. మయ్య సోదరులు 1924లో స్థాపించిన ఫలహారశాల యది. 1951లో యజ్ఞనారాయణ మయ్యగారు ఐరోపాకు పోయి, అచ్చటి భోజనశాలల పరిశుభ్రత చూచి వచ్చి, పాత్రలను శుద్ధిచేయు క్రొత్త పద్ధతులను తమ శాలలో నెలకొల్పిరి. 1975లో విధించిన అత్యవసర పరిస్థితి కాలమున ధరలు తగ్గింపవలెనని ప్రభుత్వము ఉత్తరువు చేసెను. ఆ ధరకు రుచిని, శుచిని తగ్గించి వడ్డించుటకు ఆ కుటుంబమువారు సమ్మతింపక కొంతకాలము శాలనే మూసి, పొడులు, పిండ్లు కట్టి యమ్మసాగిరి. ఆ శాల తరువాత తెరువబడి నేటికిని నడుచుచున్నది. వారు వ్యాపారమునే ఆపుకొనగలిగిరి. నేను నెలసొమ్ము మాట పైకి చెప్పలేకపోతిని గదా!

మరునాడు పిల్లల కంచముల యెదుట నిలిచి జరిగినదంతయు చెప్పితిని. తప్పు వంటమనిషిది కాదు, నాదే యంటిని. నెలకు మూడువందల రూపాయలు హెచ్చించితిని. ఆరుగురు మానిరి. ఆ నెల నా చేతికేమియు మిగులలేదు.

సోదరీమణులారా! అన్నము వండు చోట పెద్దదాని నోటిమాటకంటె ఆమె చేతిపనినే తక్కినవారు నేర్చుకొందురు. మన యిండ్లలోను ఇంతే. నాటినుండి మొదటి ముద్ద నేనే తిని చూచుచున్నాను. మొన్న వంటమనిషి నాకడ్డము వచ్చి, "ఈ పప్పు అడుగంటిందమ్మా, వడ్డించొద్దు" అనెను. వేరొక కుండ పెట్టించితిని. భోజనము గడియసేపు ఆలస్యమైనను నా మనస్సు తేలికపడెను.