కుంభరాశి దిక్కున ఒక మేఘం

రాత్రి నుంచి ఎల్‌ఏబీ-1 ఫోటో చూస్తూనే ఉన్నాను. మూడు లక్షల కాంతి సంవత్సరాల వెడల్పున్న హైడ్రోజన్ మేఘం! మన పాలపుంత వెడల్పుకు దాదాపు మూడింతలు. 2000లో కనిపెట్టారు కానీ, ఎందుకు వెలుగుతోందో చాలా ఏళ్లు తేలలేదు. 2011లో చిలీలోని వీఎల్‌టీ టెలిస్కోపుతో చూస్తే అందులో ధ్రువిత కాంతి ఉందని తెలిసింది. అంటే లోపలున్న గెలాక్సీల వెలుగే వాయువుకు తగిలి చెదిరి వస్తోందన్నమాట. తర్వాత అల్మా టెలిస్కోపు మేఘం నడుమ రెండు గెలాక్సీలను పట్టుకుంది. రెండింటిలోనూ నక్షత్రాలు జోరుగా పుడుతున్నాయి.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఆ రంగు. బయల్దేరినప్పుడు ఆ వెలుగు కంటికి కనబడని అతినీలలోహిత కాంతి. అప్పటికి సూర్యుడే పుట్టలేదు. దాదాపు 1,150 కోట్ల ఏళ్ల ప్రయాణంలో, విశ్వంతో పాటే సాగి సాగి, మన దగ్గరికొచ్చేసరికి ఆకుపచ్చ వెలుగైంది. ఇంట్లో హైస్కూలు పిల్లలుంటే ఈ సంగతి తప్పకుండా చెప్పండి.