27 శాతం క్రోమియం అని చెప్పింది నేనే



ఇన్ని రోజులు గ్రూపులో అందరివీ చదవడమే తప్ప నేను రాసింది లేదు. మొన్న ఒక తమ్ముడు, డిప్లొమా ట్రైనింగ్‌కి ప్లాంట్‌కి పోతున్నా, అక్కడ ఏం చూడాలన్నా అని అడిగాడు. రెండు లైన్లలో చెబుదామని మొదలుపెట్టాను, ఇంత పొడుగైంది. ఇందులో పంపుల సంగతి ఉంది. నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. ఓపికగా చదవండి.

మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, కోయ. మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనొక్కడినే. ఆశ్రమ పాఠశాల, తర్వాత పాలిటెక్నిక్, ఈసెట్ రాసి ఇప్పుడు బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం, హాస్టల్‌లో ఉంటున్నా. డిప్లొమాలో ఆరు నెలల ట్రైనింగ్ ఒక థర్మల్ ప్లాంట్‌లో చేశాను. ప్లాంట్ పేరు రాయను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

నన్ను వేసింది పంప్ హౌస్‌లో. అక్కడి పంపులు మన చేలల్లో ఉండే మోటారు లాంటివి కావు. ఇవి స్లర్రీని నెట్టే పంపులు. స్లర్రీ అంటే నీళ్లలో గట్టి పొడి కలిసిన చిక్కటి ద్రవం. వానాకాలం మన వాగు ఎర్రగా ఇసుక మోసుకుంటూ వస్తుంది చూడండి, అలాంటిది. ఆ వాగునే ఒక ఇనుప డొక్కలో పెట్టి నిమిషానికి వందల సార్లు తిప్పితే ఎట్లుంటుందో ఊహించుకోండి. లోపల తిరిగే రెక్కల చక్రాన్ని ఇంపెల్లర్ అంటారు. దెబ్బ ముందు దానికే తగులుతుంది.

మా ప్లాంట్‌లో అలాంటివి మూడు రకాలు. మొదటిది బూడిద పంపు. మన దేశపు బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. ఆ బూడిదలో చాలా భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండేదే. రెండోది సున్నపురాయి పొడి కలిపిన నీళ్ల పంపు. మూడోది జిప్సం పంపు. ఈ చివరి రెండూ పొగలోని సల్ఫర్ డయాక్సైడ్‌ని కడిగే ఎఫ్‌జీడీ యూనిట్‌వి. 2015 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ థర్మల్ ప్లాంట్ల పొగకి పరిమితులు పెట్టాక ఈ యూనిట్లు కట్టే పని పెరిగింది. పొగ మీద సున్నపురాయి నీళ్లు చల్లుతారు, గంధకం వాయువు అందులో కలిసి చివరికి జిప్సం అవుతుంది. ఆ నీళ్లు పుల్లగా మారతాయి, పీహెచ్ 5, 6 మధ్య ఉంటుంది, తేడా వస్తే ఇంకా కిందికి పోతుంది. అవే నీళ్లు మళ్లీ మళ్లీ తిరగడం వల్ల బొగ్గులోంచి వచ్చే క్లోరైడ్ కూడా పేరుకుపోతుంది, లీటరుకి వేల మిల్లీగ్రాముల దాకా.

బూడిద పంపుకి ముఖ్యంగా ఉన్నది అరుగుదల. జిప్సం పంపుకి అరుగుదలతో పాటు తుప్పు కూడా ఉంది. ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నా గానీ అప్పుడు నాకు ఈ తేడా తెలియదు.

పంప్ హౌస్‌లో ఒక ఫిట్టర్ ఉండేవాడు. ములుగు వైపు కోయ ఆయన, కాంట్రాక్ట్ మీద ఎనిమిదేళ్లుగా అదే పని. నేను మామా అనేవాడిని, ఆయన అల్లుడూ అనేవాడు. ఇద్దరం మన భాషలోనే మాట్లాడుకునేవాళ్లం. రాత్రి షిఫ్ట్‌లో తన టిఫిన్ డబ్బాలో సగం నాకే పెట్టేవాడు. పంపు మీద చెయ్యి పెట్టి లోపల ఏమైందో చెప్పేవాడు. చదువు ఐదో తరగతి.

ఒకరోజు జిప్సం పంపు ఇంపెల్లర్ పాడైంది. దానికి పెట్టాల్సిన స్పేర్ స్టోర్స్‌లో లేదు, ఆర్డర్ పెట్టారు, రావడానికి నెలలు పడుతుంది. బూడిద పంపు ఇంపెల్లర్ మాత్రం ఒకటి కొత్తది ఉంది. సైజు ఒకటే, చూడ్డానికీ ఒకటే. మీద పోతలోనే వచ్చిన కోడ్ మాత్రం వేరు. షిఫ్ట్ ఇంజనీర్ సార్ ఇదే ఎక్కించమన్నారు.

మామ నా పక్కకి వచ్చి మెల్లగా అన్నాడు. "అల్లుడూ, ఇది బూడిద పంపుది. ఈ పుల్లనీళ్లకి ఆగదు. బూడిద పంపుల పాత ఇంపెల్లర్ చూసినవా, నున్నగ అరుగుతది. ఇక్కడిది జల్లెడ లెక్క అయితది. సార్‌కి నువ్వు చెప్పు, నీ మాటైతే ఇంటడు."

నేను చెప్పేలోపే సార్ నా వైపు తిరిగి, "ఏమయ్యా ట్రైనీ, నువ్వేమంటావ్?" అని అడిగారు. నలుగురి ముందు నన్ను ఒక ఇంజనీర్ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. ముందురోజు రాత్రే నేను మెటీరియల్ షీట్ చదివి ఉన్నాను. అందులో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పాను: "ఇందులో 27 శాతం క్రోమియం ఉంది సార్. స్టెయిన్‌లెస్‌లో 18 శాతమే. ఇది తుప్పు పట్టదు సార్."

"చూశావా" అన్నారు సార్, మామ వైపు చూసి. మామ ఇంక మాట్లాడలేదు. స్పానర్ తీసుకుని పోయాడు.

నిజం చెప్తున్నా, ఆ రోజు నాకు గర్వంగా ఉంది. సాయంత్రం నాన్నకి ఫోన్ చేసి కూడా చెప్పుకున్నా, సార్ నన్ను సలహా అడిగారని.

ఏడో వారంలో పంపు అదరడం మొదలైంది. ఇంపెల్లర్ ఒకవైపు ఎక్కువ తినేస్తే బరువు సమానంగా ఉండదు, పంపు మొత్తం ఊగుతుంది, షాఫ్ట్ దగ్గర గ్లాండ్ కారుతుంది. రాత్రి ఒంటిగంటకి మామ గ్లాండ్ బిగిస్తుంటే జిప్సం నీళ్లు చిమ్మి కళ్లలో పడ్డాయి. అద్దాలు పెట్టుకున్నా పక్క సందులోంచి పోయాయి. నేనే చెయ్యి పట్టుకుని కుళాయి దగ్గరికి తీసుకుపోయా. చూపు పోలేదు గానీ ఐదు రోజులు పనికి రాలేకపోయాడు. కాంట్రాక్ట్ కూలీకి రాని రోజు జీతం ఉండదు. పంపు విప్పితే ఇంపెల్లర్ ఆయన చెప్పినట్టే ఉంది, గుంతలు గుంతలుగా, జల్లెడలాగా. రిపోర్ట్‌లో మాత్రం "ఫిట్టింగ్ సరిగా లేదు" అని రాశారు. ఫిట్టింగ్ చేసింది ఎవరో అందరికీ తెలుసు.

నేను ఏమీ అనలేదు. ట్రైనింగ్ సర్టిఫికెట్ మీద సార్ సంతకం ఇంకా కావాలి. అదీ నా కారణం, అందంగా చెప్పుకోవడానికి ఇంకేం లేదు.

27 శాతం ఎందుకు ఆగలేదో నాకు పోయినేడాది బీటెక్ మెటలర్జీ ల్యాబ్‌లో అర్థమైంది. హై క్రోమ్ పోత ఇనుము ముక్కని పాలిష్ చేసి మైక్రోస్కోప్ కింద పెట్టారు. ఒకటే లోహం అనుకున్నది అక్కడ రెండుగా కనిపించింది. తెల్లటి దీవులు, వాటి చుట్టూ వేరే నేల. ఆ దీవులే క్రోమియం కార్బైడ్లు. ఈ ఇనుములో కార్బన్ 2 నుంచి 3.3 శాతం దాకా ఉంటుంది. ఆ కార్బన్ క్రోమియంని పట్టుకుని కార్బైడ్‌గా మారుతుంది. అవి ఇసుక కంటే గట్టివి, అందుకే బూడిద వాటిని కోయలేదు. ఈ ఇనుము బ్రినెల్ గట్టిదనం 600 దాటుతుంది. 316 స్టెయిన్‌లెస్ 150, 200 మధ్యే. అంటే బూడిద పంపుకి స్టెయిన్‌లెస్ పెడితే తుప్పు పట్టదు, తొందరగా అరిగిపోతుంది.

కానీ తుప్పు ఆపాల్సింది కార్బైడ్‌లో ఇరుక్కున్న క్రోమియం కాదు, చుట్టూ ఉన్న నేలలో స్వేచ్ఛగా మిగిలిన క్రోమియం. చేను కాపలాకి 27 మంది వచ్చారనుకోండి. ఎక్కువమంది మంచె మీదే కూర్చుండిపోయారు, గట్టు మీద తిరిగేది పదిమందే. లెక్కకి 27, పందిని ఆపేది పదిమంది. స్టెయిన్‌లెస్ అనిపించుకోవాలంటేనే కనీసం 10.5 శాతం క్రోమియం కావాలి. ఈ నేలలో మిగిలేది దాదాపు ఆ గీత దగ్గరే. మంచినీళ్లలో పర్వాలేదు. పుల్లనీళ్లు, దానికి తోడు క్లోరైడ్ వస్తే నేల కరిగిపోతుంది, పట్టు లేక కార్బైడ్లు రాలిపోతాయి. అదే మామ చెప్పిన జల్లెడ.

అందుకే జిప్సం పంపుకి వాడే ఇనుములో క్రోమియం దాదాపు అంతే ఉంచి, కార్బన్ బాగా తగ్గిస్తారు. అప్పుడు గట్టు మీదికి ఎక్కువమంది దిగుతారు. గట్టిదనం కొంత పోతుంది, తుప్పుని ఆపే శక్తి వస్తుంది. రెండూ పూర్తిగా కావాలంటే కుదరదు.

ఇంకో మాట. అరుగుదల, తుప్పు కలిస్తే రెండు నష్టాల కూడిక కాదు, అంతకంటే ఎక్కువ. స్టెయిన్‌లెస్ తుప్పు పట్టకపోవడానికి కారణం దాని పైన కంటికి కనపడని పలుచని పొర. పుండు మీద పొక్కు కట్టినట్టు అది తనంతట తానే కడుతుంది. స్లర్రీలో రేణువులు ఆ పొక్కుని క్షణక్షణం గీకేస్తుంటాయి. గీకిన పుండు మానుతుందా?

రబ్బరు సంగతి కూడా చెప్పాలి. సున్నపురాయి పంపు లోపల ఇనుము కాకుండా రబ్బరు లైనర్ చూసి నేను నవ్వాను. ఇనుమే అరిగిపోయే చోట రబ్బరా అని. మామ తన కాళ్లు చూపించాడు. టైరు చెప్పులు. "గుట్ట మీద ఈటితోని ఎన్నేండ్లు నడిచినం?" అన్నాడు. అంతే విషయం. సన్నటి రేణువు తగిలితే రబ్బరు లోపలికి వంగి మళ్లీ తోసేస్తుంది, కోత పడదు. పైగా మామూలు పుల్లనీళ్లకీ, క్లోరైడ్‌కీ అది తుప్పు పట్టేది కాదు. కానీ టైరు చెప్పులోకి తుమ్మ ముల్లు దిగుతుంది కదా, అట్లాగే పెద్ద పదునైన రాయి ముక్కలు వస్తే లైనర్ చిరిగిపోతుంది. నూనె తగిలితే సహజ రబ్బరు ఉబ్బిపోతుంది. 70, 80 డిగ్రీల వేడి దాటితే మెత్తబడి పాడవుతుంది.

కాబట్టి తమ్ముడూ, ప్లాంట్‌కి పోతే "ఏ మెటీరియల్ మంచిది" అని అడగకు. ముందు ఇవి అడుగు.

ఒకటి, నీళ్లలో ఉన్న పొడి ఏంటి, ఎంత గట్టిది, ఎంత పెద్దది, గుండ్రంగా ఉందా పదునుగా ఉందా.

రెండు, నీళ్ల పీహెచ్ ఎంత, క్లోరైడ్ ఎంత, వేడి ఎంత, నూనె కలుస్తుందా. మామూలు రోజుది ఒక్కటే కాదు, చెడ్డ రోజుది కూడా అడుగు. లాగ్ షీట్‌లో అన్నీ ఉంటాయి.

మూడు, పంపు ఎంత వేగంతో తిరుగుతుంది. వేగం రెండింతలైతే అరుగుదల రెండింతలు కాదు, ఎనిమిదింతల దాకా పోవచ్చు. కొన్నిసార్లు మెటీరియల్ మార్చడం కంటే పెద్ద పంపు పెట్టి నెమ్మదిగా తిప్పడమే మేలు.

నాలుగు, పాత ముక్క ఎలా పాడైంది. నున్నగా అరిగిందా, గుంతలు పడిందా, పగిలిందా. దాన్ని రోజూ విప్పే మనిషి ఏమంటున్నాడు. నేను వదిలేసింది ఈ నాలుగోదే.

పోయిన ఎండాకాలం తునికాకు సమయంలో మామ ఊరికి పోయాను. కాంట్రాక్ట్ మారాక ఆయన్ని మళ్లీ తీసుకోలేదు. ఇంటి ముందు ఆకు కట్టలు కడుతున్నాడు. నేనూ కూర్చుని కడుతూ, దీవులు, నేల అంతా నేల మీద పుల్లతో గీసి చెప్పాను. తప్పు నాదే మామా అన్నాను. ఆయన గీత వైపు చాలాసేపు చూశాడు.

"ఈ ముచ్చట సార్‌కి చెప్పినవా?"

లేదన్నాను.

"మరి నాకెందుకు చెప్తున్నవ్? నాకు అప్పుడే తెల్సు కద."

హాస్టల్‌కి వచ్చాక ఆ ఇంజనీర్ సార్‌కి ఫోన్ చేశాను. రాసి పంపమన్నారు. రెండు పేజీలు రాశాను, ఇంపెల్లర్ ఎందుకు పోయిందో, ఫిట్టర్ ముందే చెప్పాడని, నేను తప్పుగా చెప్పానని. రిపోర్ట్ అయితే మార్చలేదు. మామ ఐదు రోజుల జీతం రాలేదు. స్టోర్స్‌లో మాత్రం ఆ రెండు రకాల ఇంపెల్లర్లకి ఇప్పుడు వేరే వేరే రంగులు పూస్తున్నారని సార్ మెసేజ్ పెట్టారు. మామకి ఫోన్‌లో చెప్తే, "ఏం రంగులు?" అని అడిగాడు. బూడిదదానికి నీలం, జిప్సంది పసుపు అన్నాను. మంచిదన్నాడు.

తర్వాత ఆయనే అడిగాడు. "సరే గానీ, గ్లాండ్ కాడ షాఫ్ట్ మీద స్లీవ్ ఉంటది గద, అది ఎందుకు అంత తొందరగ పోతుండె? దానికి ఏ ఇనుము పెట్టాలె?"

నాకు తెల్వదు మామా, చదివి చెప్తా అన్నాను. ఇప్పుడు అదే చదువుతున్నా.