నాటుకొన్న ట్రాక్టరు

శీతకాలమన్న మాట వినగానే పడమటి దేశముల రైతునకు మంచుగడ్డలును, జారుడు బాటలును, రాత్రికి రాత్రి మైనమువలె పేరుకొను డీజిలును జ్ఞప్తికి వచ్చునేమో కాని, మా నూజెండ్ల ప్రాంతమున చలికాలమనగా తెల్లవారుజామున గుండ్లకమ్మ మీదినుండి లేచివచ్చు పొగమంచు, పత్తితీత, ఎరుపెక్కుచున్న మిరప, వీనికితోడు బంగాళాఖాతమునుండి పిలువని పేరంటముగ వచ్చు వాయుగుండము. 2023వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీని బాపట్లకు చేరువను తీరము దాటిన మిచాంగ్ తుపాను మా చేలను గూడ తడిపిపోయినది. నేను చెప్పబోవు ముచ్చట అటుపిమ్మట మూడవనాటిది.

మాకొక చిన్న ట్రాక్టరు కలదు. 18 హెచ్.పి.ది, పత్తి సాళ్ల నడుమ గుంటక తోలుటకని కొన్నది. ఊరివారు దానిని ముద్దుగా ‘బుడ్డ ట్రాక్టరు’ అందురు. అది చిన్నది కనుక చిక్కులును చిన్నవియే తెచ్చునని ఇంటిల్లిపాదికి నొక నమ్మకము. తూచినచో ఇంచుమించు 800 కిలోలుండునన్న సంగతి ఎవ్వరికిని పట్టలేదు.

తుపానుకు ముందు తీసిన పత్తి ఆరు బోరేలు పొలములోని గుడిసెలో నుండిపోయినవి. చెమ్మ తగిలిన పత్తికి ధర తెగిపోవునను ఆదుర్దాతో, “రెండు రోజులు ఆగరా అబ్బాయ్, అడుగు ఇంకా తడే” అని మామయ్య వారించుచున్నను వినక, పొగమంచు విడకముందే ట్రాక్టరెక్కి బయలుదేరితిని. డొంకలో నీరు నిలిచియుండుట చూచి, మినుము తీసిన ఖాళీచేనికి అడ్డముగా తిప్పితిని. నల్లరేగడి స్వభావము ఎరుగనివాడను కాను. అందలి సన్నని బంకరేణువులు నీరు త్రాగి ఉబ్బుననియు, ఎండకు ముడుచుకొని నెఱ్ఱెలు విచ్చుననియు, వాన వెలిసిన పిమ్మట పైన అప్పడమువంటి పెచ్చుగట్టి లోన వెన్నముద్దవలె నుండుననియు పదిమందికి చెప్పిన వాడనే. తెలిసినవాడే దిగబడును, తెలియనివాడు అడిగి పోవును.

గుడిసె ఇంక నూరు గజముల దూరముననగా ఎడమచక్రము క్రింద అప్పడము విరిగినది. నేను ఎక్సలరేటరు తొక్కితిని. మలుపులలో వెనుకచక్రములు రెండును వేర్వేరు వేగముల తిరుగుటకై ఇరుసు నడుమ డిఫరెన్షియల్ అను పళ్లచక్రముల పొందిక యొకటి యుండును. బురదలో ఆ ఉపకారమే అపకారమై, పట్టు తప్పిన చక్రము గిఱ్ఱున తిరుగుచుండగా గట్టినేల నున్న చక్రము పెద్దమనిషివలె చూచుచు నూరకుండును. ఆ రెంటిని బిగించు పెడలు నా మడమ చెంతనే కలదు. అది జ్ఞప్తికి వచ్చునప్పటికి రెండవ చక్రమును దిగబడి, ట్రాక్టరు పొట్ట నేలకానినది.

అప్పుడు చేసినది అసలైన మూర్ఖత్వము. ఎవరో చెప్పగా విన్నది తలచుకొని, జీతగాని చేత తుమ్మదుంగ నొకదానిని తెప్పించి, రెండు వెనుకచక్రములకును అడ్డముగా గొలుసుతో కట్టించి గేరు వేసితిని. దుంగ నేలలో ఇరుకుకొని చక్రములు కదలలేదు. చక్రము తిరుగలేనపుడు ఇంజను బలము ఊరక పోవునా? ఇరుసును పట్టుకొని బండినే వెనుకకు త్రిప్పును. ముందుచక్రములు జానెడు లేచినవి. అంతవరకు నాకెదురుగా నుండిన మంచు తెరకు బదులు ఆకాశము కనబడినది. ఎప్పుడు వచ్చెనో, మామయ్య “ఆపరా!” అని కేకవేయుచు దూకి ఆపుచేయు బొత్తాము లాగినాడు. ముందుచక్రములు ధబ్బున నేల బడినవి. నా కాళ్ల వణకు చలిదని చెప్పితిని, ఆయన నమ్మలేదు.

ఐర్లండు దేశస్థుడైన హ్యారీ ఫెర్గూసన్, నాగలి ఏ రాతికో తగిలినపుడు ట్రాక్టరిట్లే తిరగబడి తోలువానిని పొట్టనబెట్టుకొనుట ఎరిగియే గదా, పరికరమును మూడు చోట్ల తగిలించు లింకేజిని రూపొందించినది! 1939లో ఫోర్డువారి ట్రాక్టరుతో కలిసి లోకమునకెక్కిన ఆ మూడుచేతుల ఏర్పాటే నేడు మా బుడ్డదాని వెనుకను గలదు. చక్రములకే దుంగ కట్టుకొను బుద్ధిమంతుని కాపాడు ఉపాయము మాత్రము పాపము ఆయనకును తోచియుండదు.

సాయము వచ్చిన పెద్ద ట్రాక్టరు డ్రైవరు గట్టుమీద దిగి, ఒక కాలు చేనిలో మోపి, పిక్కదాక దిగబడిన కాలిని పెరికికొని, మాటాడక మరలిపోయెను. మరునాడు నలుగురు ఆడకూలీలు పత్తిని చిన్న మూటలుగ విప్పికట్టి, కబుర్లాడుకొనుచు, బోరేలన్నియు నెత్తిన డొంకకు చేరవేసిరి. ఇక దారిన పోవువారి పరామర్శలు. కర్ణుని రథచక్రము సంగతి ఎత్తనివాడు లేడు, ఒకడు మాత్రము డొంకలో నిలిచి, “ఏం బావా, ట్రాక్టరు నాటినావంట, కోతకెప్పుడొచ్చుద్ది?” అని కేకవేసినాడు.

బ్యాటరీ దొంగల భయమున అయిదు రాత్రులు మామయ్యయు నేనును ఆ చేనిగట్టున కంబళ్లు కప్పుకొని చలిమంట కాచుకొంటిమి. ఆయన ఒక్కనాడును “చెప్పితినా” అనలేదు, అనినను బాగుండెడిది. ఆరవనాడు పెచ్చు గట్టిపడగా, చక్రముల వెనుక పారతో వాలుగ త్రవ్వి, పత్తికట్టె పరచి, ఈమారు లాకు పెడలు ముందే తొక్కి, వచ్చిన దారినే రివర్సులో మెల్లమెల్లగ పోనిచ్చితిని. వెనుకకు నడిపినచో ముందు లేవదని మామయ్య చెప్పినాడు, ఈమారు వింటిని.

ఆ గాడులు ఉగాది వరకును పూడలేదు. కూలి ఆడవారు ఆ చేనికి ‘ట్రాక్టరు నాటిన చేను’ అని పేరు పెట్టినారు. కూలిలెక్కల పుస్తకములో నేనును ఇప్పుడట్లే వ్రాయుచున్నాను.