లంబసింగి చలిలో మొరాయించిన సెల్ఫ్

డిసెంబర్, ఉదయం 5 గంటలు. లంబసింగిలో టెంట్‌లోంచి బయటికొస్తే పక్కనున్న మనిషి కనబడనంత పొగమంచు. ఈ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి ఆరుబయట ఉండిపోయినవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని అలా అంటారట. మేం బాగానే లేచాం. బిగుసుకుపోయింది మా బైక్.

ప్లాన్ సింపుల్. చెరువులవేనం కొండెక్కి మేఘాల మీద సూర్యోదయం చూసి, అటునుంచటే విశాఖకి. మధ్యాహ్నం 12 గంటలకి తమ్ముడికి పరీక్ష. పరీక్ష ముందు ఈ తిరుగుళ్లేంటని అమ్మ అరుస్తుంటే, "పొద్దున్నే వచ్చేస్తాం కదమ్మా" అన్నది నేనే.

సెల్ఫ్ నొక్కితే టక్ టక్ టక్. అంతే. మీటర్లో ఇంజిన్ లైటు, ఏబీఎస్ లైటు వెలుగుతున్నాయి. కోడ్ రాసి బతికేవాణ్ని కదా, ఎర్రర్ మెసేజ్ కనిపిస్తే దాన్నే పట్టుకుని వేలాడతాను. ఏదో సెన్సార్ పోయిందని తీర్మానించేశా. ఫ్యూజులు పీకి చూశా, బాగానే ఉన్నాయి. సైడ్ స్టాండ్ ఎత్తి, క్లచ్ పట్టి మళ్లీ నొక్కా. టక్ టక్. కిక్ రాడ్ లేని బండి. పల్లంలోకి తోసి సెకండ్ గేర్లో వదిలాం, రెండుసార్లు. ఊహూ. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండికి పంపు తిరిగేంత కరెంటైనా ఉండాలి, లేకపోతే ఎంత తోసినా చెమటే మిగులుతుంది. సూర్యోదయం ఎప్పుడో అయిపోయింది.

"అన్నయ్యా, పోనీ బస్సులో వెళ్లిపోనా?" అన్నాడు తమ్ముడు. వాడి మొహం చూడలేకపోయాను.

ఏడు దాటాక ఒక జీపు ఆగింది. "ఏటయ్యింది బాబూ?" అంటూ డ్రైవర్ దిగాడు. నేను సెన్సార్ సంగతి మొదలెట్టా. "ఎలిగినవి ఒగ్గేయ్. సెల్ఫ్ నొక్కు, ఏటి డల్లవుతాదో సూడు" అన్నాడు.

నొక్కాను. హెడ్‌లైట్ దీపంలా కుంగిపోయింది. బ్యాటరీ!

నిజానికి తాళం తిప్పగానే ఆ రెండు లైట్లూ వెలగడం మామూలే. ఇంజిన్ స్టార్టయ్యాక ఒకటి, బండి కదిలాక రెండోది ఆరిపోవాలి. రోజూ చూసే లైట్లే, గమనించింది ఎప్పుడు?

బ్యాటరీ ఎందుకు పడిపోయిందో ఆయనే పట్టుకున్నాడు. సీటు కిందనుంచి టెంట్లోకి వెళ్తున్న వైరు చూసి నవ్వాడు. నేను బిగించుకున్న యూఎస్‌బీ చార్జర్ అది, తాళంతో పనిలేకుండా నేరుగా బ్యాటరీకి. దానికి రాత్రంతా 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ పెట్టి పడుకున్నాం. అది నిండాలంటే సుమారు 74 వాట్ అవర్లు కావాలి. 12 వోల్టులు, 8 ఏహెచ్ బైక్ బ్యాటరీలో ఫుల్‌గా ఉంటే 96. పైగా చలికి బ్యాటరీ ఎలాగూ నీరసపడుతుంది. ఈ లెక్క రాత్రే వేసుంటే బాగుండేది.

జీపు ఇంజిన్ ఆపి కేబుళ్లు తగిలించాడు. ఎర్రది ప్లస్ నుంచి ప్లస్‌కి, నల్లది జీపు మైనస్ నుంచి చివరగా మా ఇంజిన్ ఇనుముకి. ఒక్క నొక్కుకే బండి లేచింది. డబ్బులిస్తే తీసుకోలేదు. "కిందకెళ్లేదాకా ఆపకు" అని మాత్రం అన్నాడు.

పది అడుగులు కదలగానే ఏబీఎస్ లైటు ఆరింది. ఘాట్‌లో కాఫీ తోటలూ మిరియాల తీగలూ దాటాయి గానీ నా కళ్లు మీటర్ మీదే. నర్సీపట్నంలో మెకానిక్ మల్టీమీటర్ పెట్టి, కాస్త రేజ్ చెయ్యమన్నాడు. 14.1 వోల్టులు. చార్జింగ్ బాగుంది. రేజ్ చేసినా 12 దగ్గరే ఆగిపోయుంటే రెగ్యులేటరో, కాయిలో చూడాల్సి వచ్చేది. చార్జర్ వైరు పీకి నా చేతిలో పెట్టాడు.

11:45కి తమ్ముణ్ని సెంటర్ గేటు దగ్గర దింపాను. లోపలికి ఫోన్ రానివ్వరని నా చేతికిచ్చి పరిగెత్తాడు. చార్జింగ్ నూటికి నూరు.