మొదటి స్థానం సున్న

నాన్నగారు గతించిన తరువాత ఆయన పద్యాల నోటుపుస్తకం నా చేతికి వచ్చింది. నూరుకు పైబడిన ఆ పద్యాలన్నిటినీ యూనికోడులోకి ఎక్కించి, వాటిలో వెతకడానికి పీహెచ్‌పీలో చిన్న ప్రోగ్రాము రాసి, ఒకనాటి సాయంత్రం గర్వంగా అమ్మ ముందు ఉంచాను.

అమ్మ తనకు మిక్కిలి ఇష్టమైన పద్యం ఎత్తుగడ చెప్పింది. "శ్రీ" అని మొదలయ్యే పద్యమది. తెర మీద "లేదు" అని వచ్చింది. ఇంకొక పద్యం మొదటి మాట చెప్పింది. అదీ లేదు.

"నాకే మతి తప్పుతున్నట్టుందిరా" అన్నది అమ్మ మెల్లగా.

నోటుపుస్తకం తెరచి చూపించాను. ఆమె చెప్పిన రెండు పద్యాలూ అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి. మతి తప్పినది నా ప్రోగ్రాముకే. విచిత్రమేమంటే, పద్యంలోని రెండవ మాటతో వెతికితే అదే పద్యం వెంటనే ప్రత్యక్షమైంది!

ఆ రాత్రి కారణం దొరికింది. విలువనిచ్చే ప్రతి రచనా ఎక్స్‌ప్రెషనే. 2 + 3 ఒక ఎక్స్‌ప్రెషన్. ఫంక్షనును పిలవడమూ ఎక్స్‌ప్రెషనే. ఆ విలువలను కలిపో, పోల్చో మరొక విలువను పుట్టించేది ఆపరేటరు. నేను వాడిన స్ట్ర్‌పాస్ అనే ఫంక్షను, వెతికే మాట ఎక్కడున్నదో స్థానం చెబుతుంది. లెక్క సున్నతో మొదలు. మాట పద్యారంభంలోనే ఉంటే జవాబు 0. అసలు లేకపోతే జవాబు ఫాల్స్. అది లెక్కించేది అక్షరాలను కాదు, బైట్లను. యూటీఎఫ్-8లో "శ్రీ" ఒక్కటే 12 బైట్లు. కనుక రెండవ మాట ఎప్పుడూ సున్నకు దూరంగానే ఉంటుంది.

వచ్చిన జవాబును నేను == తో ఫాల్స్‌తో పోల్చాను. ఒక్క = విలువను ఉంచుతుంది. రెండైతే పోలుస్తుంది, కానీ రకాలు వేరైనప్పుడు మార్చి మరీ పోలుస్తుంది. అప్పుడు 0 కూడా ఫాల్సే. మూడైతే రకంతో సహా పోలుస్తుంది. నేను రెంటితో ఆగిపోవడం వల్ల "అన్నిటికన్న ముందున్నది", "అసలే లేనిది" నా ప్రోగ్రాముకు ఒకటైపోయాయి. పద్యాన్ని ఎవరైనా గుర్తుపెట్టుకునేది ఎత్తుగడతోనే కదా! సరిగ్గా దానినే అది దాచివేసింది.

2020లో వచ్చిన పీహెచ్‌పీ 8 పోలికలను కొంత సంస్కరించింది. సున్నను "అమ్మ" వంటి మాటతో == పెట్టి పోలిస్తే పూర్వం సమానమనేది, ఇప్పుడు అనదు. ఉన్నదా లేదా అని మాత్రమే చెప్పే స్ట్ర్ కంటెయిన్స్ అనే ఫంక్షను కూడా అప్పుడే చేరింది. కానీ 0, ఫాల్స్‌ల మధ్య == మాత్రం ఈనాటికీ భేదం చూడదు.

ఇంకొక = చేర్చి, మరునాడు ఉదయం అమ్మను పిలిచాను. పద్యం వచ్చింది. ఆమె మొదటి పాదం మాత్రం తెర మీద చూసి, తక్కిన మూడూ కళ్ళు మూసుకునే చదివింది.

మిత్రులారా, మీలో ఎవరైనా ఇటువంటి ప్రోగ్రాము రాసుకుని ఉంటే, ఒక్కసారి మొదటి మాటతో వెతికి చూడండి.