6205 బేరింగ్‌కు నాలుగు పేర్లు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగితే చాలు, ఎవరో ఒకరు చేతిలో పాంప్లెట్ పెడతారు. జావా, పైథాన్, బ్యాంక్ కోచింగ్, శాప్. థర్డ్ ఇయర్ ఎండాకాలం సెలవుల్లో నేను ఆ చివరిదానికి పడిపోయాను. మెకానికల్ వాణ్ణి కదా, "కోర్‌లో జాబ్స్ లేవు, శాప్ ఎంఎం నేర్చుకో" అని చెప్పని సీనియర్ లేడు. మా ఇల్లు ఎల్బీ నగర్. మెట్రో ఎక్కితే మూడో స్టేషనే దిల్‌సుఖ్‌నగర్.

క్లాసులో ఎంఎం01 కొడితే కొత్త మెటీరియల్, ఎంఈ21ఎన్ కొడితే పర్చేజ్ ఆర్డర్, మిగో అంటే సరుకు లోపలికి రావడం, మిరో అంటే బిల్లు ఎక్కించడం. నెల తిరిగేసరికి నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. ప్రాక్టీస్ సర్వర్‌లో నేను కొన్నవన్నీ పెన్నులే. లక్ష పెన్నులు కొనుంటాను. ఒక్కటీ కంటితో చూడలేదు.

మా నాన్న చర్లపల్లిలో ఒక చిన్న ఫ్యాక్టరీలో 19 ఏళ్లుగా స్టోర్ కీపర్. వాళ్లు కన్వేయర్ రోలర్లు చేసి పెద్ద కంపెనీలకు ఇస్తారు. సరిగ్గా అదే ఎండాకాలం వాళ్ల ఓనర్ ఈఆర్‌పీ పెట్టించాడు. శాప్ కాదు, అంత స్తోమత లేదు, తక్కువ ఖర్చులో వచ్చేది ఏదో. "నువ్వు అదే కదరా నేర్చుకుంటున్నది, వచ్చి జర చెయ్యి" అన్నాడు నాన్న. ఆదివారాలు ఆయన బండి వెనక కూర్చొని నాగోల్, ఉప్పల్ మీదుగా వెళ్లేవాణ్ణి.

ఈఆర్‌పీ అంటే తెలియని వాళ్లకు ఒక్క మాట. మా అమ్మ ఆవకాయ పెట్టేముందు లెక్క వేస్తుంది: ఇన్ని కాయలకు ఇంత కారం, ఇంత ఆవపిండి, ఇంత నూనె. ఇంట్లో ఉన్నది తీసేసి మిగిలిందే తెమ్మంటుంది. నూనె చెప్పిన రెండు రోజులకు గానీ రాదని తెలిస్తే రెండు రోజుల ముందే చెబుతుంది. ఫ్యాక్టరీలో ఇదే లెక్కకు ఎంఆర్‌పీ అని పేరు. 1964లో జోసెఫ్ ఓర్లికీ అనే ఇంజనీరు దీన్ని కంప్యూటర్ పనిగా మలిచాడు. ఆ తర్వాత దీనికి అకౌంట్స్, సేల్స్, జీతాలు కూడా కలిపి అందరూ ఒకే లెక్క చూసేలా చేస్తే, 1990లో గార్ట్‌నర్ వాళ్లు దానికి ఈఆర్‌పీ అని పేరు పెట్టారు. చరిత్ర ఇంతే, పరీక్షకు చాలు.

అసలు కష్టం లెక్కలో లేదు, పేర్లలో ఉంది. నాన్న రిజిస్టర్లు ముందేసుకొని ఐటెమ్‌లు ఎక్కిస్తున్నాను. ఒక పేజీలో "6205 బేరింగ్". ఇంకో పేజీలో "25 ఎంఎం బేరింగ్". మరోచోట "రోలర్ బేరింగ్ చిన్నది". పర్చేజ్ వాళ్ల ఫైల్లో కంపెనీ పేరుతో ఇంకోటి. నాలుగూ ఒకటే! నాన్నకు తెలుసు, ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయన సెలవులో ఉన్న వారం పర్చేజ్ వాళ్లు 200 బేరింగులు కొన్నారు. అప్పటికే మూడు ర్యాకుల్లో కలిపి 340 ఉన్నాయి. చిన్న ఫ్యాక్టరీకి అది మామూలు విషయం కాదు. జీతాలకు పోవాల్సిన డబ్బు ర్యాకులో గ్రీజు పూసుకొని కూర్చుంది. నాలుగు పేర్లను ఒకే కోడ్ కింద కలిపిన రోజు, ఈఆర్‌పీ వల్ల లాభమేంటో నాకు మొదటిసారి అర్థమైంది. దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు నెలల ఫీజు కట్టినా అర్థం కానిది.

కానీ నాన్నకు అది అంత సంతోషంగా ఏమీ లేదు. మొదటి నెల స్టాక్ చెక్‌లో ఎం12 బోల్టుల పెట్టెలు సిస్టమ్‌లో 40, ర్యాకులో 31. తొమ్మిదీ నైట్ షిఫ్ట్ వాళ్లకు ఇచ్చినవే. స్లిప్ రాయలేదు, ఎప్పటిలాగే మనసులో రాసుకున్నాడు. మీటింగులో అందరి ముందు ఆ తొమ్మిది పెట్టెల గురించి అడిగారట. ఆ రాత్రి అన్నం సగంలో వదిలేసి, "19 ఏండ్లల్ల ఎన్నడన్న ఒక్క బోల్టు పోయిందారా?" అన్నాడు. నేనేం చెప్తాను? పోలేదు. రాయలేదు, అంతే. సిస్టమ్‌కు ఆ రెండింటికీ తేడా తెలియదు. 1999లో అమెరికాలో హెర్షీ కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టి, గోదాముల్లో చాక్లెట్లు ఉండి కూడా హాలోవీన్‌కు దుకాణాలకు పంపలేకపోయిందని క్లాసులో విని నవ్వాను. ఇంట్లో నవ్వు రాలేదు.

ఆ తర్వాత నాన్న ప్రతిదానికీ స్లిప్ రాయడం మొదలుపెట్టాడు. కోపంతోనే రాశాడు, కానీ రాశాడు. ప్రతి ర్యాకుకూ నంబర్ వేశాడు. సి-3-2 అంటే సి వరుస, మూడో ర్యాకు, రెండో అర.

ఫోన్ సంగతి చెప్పాలి. నా చిన్నప్పటి నుంచి మా ఇంట్లో రాత్రి పదకొండుకు ఫోన్ మోగేది. "అన్నా, సర్‌క్లిప్‌లు ఏడున్నయ్?" మా నానమ్మ దశదినకర్మ రోజు కూడా మోగింది. పంచె కట్టుకొని పక్కకు వెళ్లి, "నీలం డబ్బా, కిటికీ కింద" అని చెప్పి వచ్చి పిండం పెట్టాడు. అమ్మ దాన్ని ఇప్పటికీ మర్చిపోలేదు.

ఈ దసరాకు అందరం యాదగిరిగుట్ట వెళ్లాం. క్యూలో రెండు గంటలున్నాం. నాన్న మూడుసార్లు ఫోన్ తీసి చూశాడు. సిగ్నల్ ఉంది, కాల్స్ లేవు. కిందికి దిగి పులిహోర తింటుంటే ఇక ఆగలేక తనే స్టోర్‌కు చేశాడు.

"ఏం రా, అంతా మంచిగున్నదా? బేరింగులు దొరికినయా?"

అవతలి పిల్లగాడి మాట నాక్కూడా వినపడింది. "దొరికినయ్ అన్నా, సి-3-2ల. మీరు దర్శనం చేస్కోర్రి."

నాన్న ఫోన్ జేబులో పెట్టుకొని, "ఆ అరల తడి వస్తది, గ్రీజు చూస్కోమని చెప్పాల్సింది," అన్నాడు, మాలో ఎవరినీ చూడకుండా.