ముల్లు కింద పునాది

సంగీతం వినడం కేవలం వ్యక్తిగతమైన అభిరుచి అనీ, సామాజిక ప్రశ్నలకు అక్కడ చోటు లేదనీ మనలో చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఒక పాత రికార్డు ప్లేయరును విప్పి మళ్ళీ బిగించవలసి వచ్చిన తరువాత ఆ అభిప్రాయం మార్చుకోక తప్పలేదు.

మా నాన్న దాచుకున్న లాంగ్ ప్లే రికార్డులు ముప్పై దాకా నా దగ్గరికి వచ్చాయి. అందులో ఘంటసాల పద్యాల రికార్డు ఒకటి. వాటిని వినడానికని పాత సామాన్ల దుకాణంలో ఒక ప్లేయరు కొన్నాను. మోటారు బాగానే ఉంది, వేగమూ సరిగానే ఉంది. కాని పద్యం ఎత్తుకున్న చోట గొంతు మసకబారి, అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడ్డట్టు వినిపించేది. చిన్నప్పుడు మా యింట్లో విన్న గొంతు అది కాదు. రికార్డు అరిగిపోయిందనుకున్నాను. తరువాత నా జ్ఞాపకమే గతానికి మెరుగు పెట్టిందేమోనని అనుమానించాను. చివరికి నేరం ముల్లు మీద మోపి, పదిహేను వేల రూపాయలు పెట్టి కొత్త కార్ట్రిడ్జి తెప్పించుకోవాలని నిశ్చయించుకున్నాను.

ఇక్కడ ఈ యంత్రం పనిచేసే తీరు కొంచెం చెప్పాలి. పన్నెండు అంగుళాల రికార్డుకు ఒక వైపున ఉండే గాడిని సాగదీస్తే అది సుమారు 460 మీటర్ల పొడవుంటుంది. ఆ గాడి గోడల వంపుల్లో అతి సన్ననివి మిల్లీమీటరులో వెయ్యోవంతు కూడా ఉండవు. ముల్లు ఆ వంపుల వెంట కదులుతుంది. కార్ట్రిడ్జి కొలిచేది ఆ కదలికనే. అయితే తన శరీరంతో పోల్చి ముల్లు ఎంత కదిలిందో మాత్రమే కొలుస్తుంది. కార్ట్రిడ్జిని చెయ్యి పట్టుకుని ఉంటుంది, ఆ చెయ్యి పీఠం మీద ఉంటుంది; పళ్ళెం తిరిగే ఇరుసు కూడా ఆ పీఠం మీదే ఉంటుంది. చేతికీ ఇరుసుకూ మధ్య పీఠం వెంట్రుకలో నూరోవంతు వంగినా, వణికినా, ఆ వణుకు పాటలో కలిసిపోతుంది. ఏది గాయకుడి గొంతో, ఏది చెక్క వణుకో చెప్పగల శక్తి ముల్లుకు లేదు. ఎంత ఖరీదైన ముల్లయినా అంతే. ఖరీదైన ముల్లు ఆ వణుకును మరింత శ్రద్ధగా వినిపిస్తుంది కూడా!

ఈ సంగతి కనిపెట్టినవాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు. 1961లో అమెరికాలో ఎడ్గార్ విల్చూర్ రూపొందించిన ఏ.ఆర్. టర్న్‌టేబులులో ఇరుసునూ చేతినీ ఒకే లోహపు చట్రానికి బిగించి, ఆ చట్రాన్ని స్ప్రింగుల మీద నిలిపాడు. 1970లలో గ్లాస్గోలో లిన్ సంస్థ తన సాండెక్‌ను ఆ మార్గంలోనే తయారుచేసింది. ఇంగ్లండులో రేగా సంస్థ స్ప్రింగులు మానేసి, పీఠాన్ని తేలికగా, బిరుసుగా చేసే దారి పట్టింది. ఆ తరువాతి నమూనాల్లో ఇరుసుకూ చేతికీ మధ్య గట్టి పట్టీ వేసింది. దారులు వేరయినా ఒక మాట దగ్గర అందరూ కలుస్తారు: ఇరుసూ చెయ్యీ ఒకదానికొకటి కదలకూడదు.

ఒక చిన్న పరీక్ష ఉంది. మోటారు ఆపి, కదలని రికార్డు మీద ముల్లు ఆనించి, ధ్వని పెంచి, పీఠాన్ని వేలితో తట్టాలి. నేను తట్టినప్పుడు స్పీకరులోంచి తప్పెట కొట్టినట్టు మోత వచ్చింది. ప్లేయరు కింద రాతిపలక పెట్టి చూశాను. నడిచినప్పుడు వచ్చే అదురు తగ్గింది గాని పద్యం బాగుపడలేదు. బరువు వేరు, బిగి వేరు. లోపం యంత్రం పొట్టలోనే ఉంటే కింద ఎంత రాయి పెట్టి ఏం లాభం?

మా వీధి చివర ఉండే వడ్రంగి మేస్త్రిని పిలిచాను. ఆయన దాన్ని బోర్లించి, అడుగున ఉన్న చెక్కను గోటితో గీకాడు. అది రంపపు పొట్టు అదిమి చేసిన పలచటి పలక. మరమేకుల రంధ్రాలన్నీ వదులైపోయాయి.

"ముల్లు మారుద్దామనుకుంటున్నాను మేస్త్రీ" అన్నాను.

"కోళ్ళు ఊగే మంచానికి పరుపు మారిస్తే నిద్ర పడుతుందా మాస్టారూ?" అన్నాడాయన.

ఆయన పద్దెనిమిది మిల్లీమీటర్ల ప్లై పలకలు రెండింటిని జిగురుతో అతికించి, రాత్రంతా బిగింపులో ఉంచి, ఇరుసుకూ చేతికీ కొలత తప్పకుండా రంధ్రాలు తొలిచాడు. ఆ రెండింటినీ కలుపుతూ అడుగున అల్యూమినియం పట్టీ బిగించాడు. మరమేకులు పట్టే చోట నట్టులు వేశాడు. మొత్తం రెండు రోజుల పని. కూలి రెండువేల నాలుగు వందలన్నాడు. నేను రెండు వేలకు బేరమాడాను. ఆయన ఒప్పుకున్నాడు.

ఆ రాత్రి మళ్ళీ పీఠాన్ని తట్టి చూశాను. తప్పెట మోత పోయి చిన్న టకటక మిగిలింది. పద్యం పెట్టాను. అద్భుతాలేవీ జరగలేదు, గీతల చిటపటలు అలాగే ఉన్నాయి. కాని మాటకూ మాటకూ మధ్య ఎడం ఏర్పడింది. రాగం సాగదీసే ముందు గాయకుడు ఊపిరి తీసుకోవడం వినిపించింది. మా నాన్న విన్నది ఈ గొంతునే. నా జ్ఞాపకం అబద్ధం చెప్పలేదు.

ఆ సంతోషంలో ఉండగానే ఒక ఆలోచన ముల్లులా గుచ్చుకుంది. పదిహేను వేల ముల్లు ధరను నేను ఒక్క మాటైనా ప్రశ్నించలేదు. దాని మీద అచ్చువేసిన ధర నాకు ప్రకృతి నియమంలా కనిపించింది. నా కళ్ళెదుట చెమటోడ్చిన మనిషి కూలి దగ్గర మాత్రం నాలుగు వందలు కోశాను. సరుకు తన వెనక ఉన్న శ్రమను మరుగుపరుస్తుందని 1867లో మార్క్సు "పెట్టుబడి"లో చెప్పిన విషయాన్ని స్టడీ సర్కిల్లో పిల్లలకు వివరించే మనిషినే నేను!

మర్నాడు ఆ నాలుగు వందలూ పట్టుకుపోయాను. ఆయన మొహమాటపడలేదు, పొంగిపోనూ లేదు. లెక్కపెట్టి జేబులో పెట్టుకుని, "ఆవేళే ఇచ్చుంటే జిగురు అప్పు తెచ్చేవాణ్ణి కాదు మాస్టారూ" అన్నాడు. నేను పడ్డ పశ్చాత్తాపం కంటే ఆయన చేసిన అప్పు పెద్ద వాస్తవం.

ఈ అనుభవాన్ని పునాది-ఉపరితలం సిద్ధాంతానికి ఉపమానంగా వాడుకోవాలని ఎవరికైనా బుద్ధి పుడుతుంది. నాకూ పుట్టింది. కాని ఆ పోలిక నిలవదు. నా ప్లేయరు పునాది కదలకూడదు. 1859లో మార్క్సు చెప్పిన ఆర్థిక పునాది కదులుతుంది, అది కదిలినప్పుడే పైనున్నదంతా మారుతుంది. ఉపమానం అందంగా ఉందని సిద్ధాంతాన్ని దానికి తగ్గట్టు వంచడం విమర్శకుడు చేయవలసిన పని కాదు.

నేను నేర్చుకున్న పాఠం అంతకంటే చిన్నది. గొంతు సరిగా వినబడనప్పుడు గొంతునే అనుమానించడం మనకు అలవాటు. పిల్లవాడి జవాబు తడబడితే పిల్లవాణ్ణి అంటాం, రచన మసకగా ఉంటే రచయితను అంటాం. ఆ గొంతు మన దాకా ఏ చెక్క మీద నుంచి వస్తున్నదో, ఆ చెక్క ఎంత వదులుగా ఉందో ఒకసారి బోర్లించి చూడాలి. బాగుచేసే చేతులకు కూలి పూర్తిగా, పని పూర్తయిన రోజునే ఇవ్వాలి.